వివాహమును నిర్వచించు అధికారము ఎవరిది? – మాదిరి ఐక్యరాజ్య సమితి చర్చ ఆధారముగా ఒక పరిశీలన

విద్యార్థులు ఒక్కొక్కరు ఒక్కొక్క దేశమునకు ప్రతినిధిగా కూర్చుండి, ప్రపంచ సమస్యలను చర్చించి, తీర్మానములు చేయు అభ్యాసమును "మాదిరి ఐక్యరాజ్య సమితి" అందురు. ఇది నేడు మన పట్టణములలోని పాఠశాలలకును కళాశాలలకును కొత్త విషయము కాదు. మన సంఘముల యౌవనస్థులు అనేకులు దీనిలో పాల్గొనుచున్నారు. అట్టి సభలలో చర్చకు వచ్చు ప్రశ్నలలో ఒకటి ఇది: వివాహము అనగా ఏమిటో ఒక అంతర్జాతీయ సంస్థ నిర్వచించవలెనా, లేక దానిని ఆయా దేశములకే విడిచిపెట్టవలెనా?

ఈ ప్రశ్నను యౌవనస్థులు కాపరి యొద్దకు తెచ్చినప్పుడు, సాధారణముగా ఆదికాండము 2:24 చూపించి పంపివేయుదుము. ఆ వచనము సరియైనదే. కాని అడుగబడిన ప్రశ్న వేరు. వివాహము ఏమిటని వారు అడుగలేదు. దానిని ఎవరు చెప్పవలెనని అడిగినారు. ఈ రెండు ప్రశ్నలను కలిపివేయుట వలన మన బోధలో వచ్చు అయోమయమును ఈ వ్యాసములో పరిశీలింతము. దీనిని వేదాంత విద్యార్థుల తరగతిలో ఒక అభ్యాసముగా ఎట్లు నడుపవచ్చునో కూడ మధ్యమధ్య సూచింతును.

అభ్యాసము యొక్క స్వభావము

ఈ చర్చలో మొదటి నియమము కఠినమైనది. ప్రతినిధి తన సొంత అభిప్రాయము చెప్పరాదు. తనకు అప్పగింపబడిన దేశము ఏమి చెప్పునో అదే చెప్పవలెను. సౌదీ అరేబియా పలక ముందు కూర్చున్న బాప్తిస్టు విద్యార్థి ఆ దేశపు వాదమును, ఆ దేశపు కారణములతో, గౌరవముగా వినిపించవలెను. మొదట ప్రతి దేశము తన వైఖరిని వ్రాతపూర్వకముగా ఇచ్చును. తరువాత ప్రసంగములు, ఆపై గుంపులుగా కూడి ముసాయిదా తీర్మానము వ్రాయుట, సవరణలు, చివరకు ఓటు. అసలైన సర్వసభ్య సభలో వలెనే ఇక్కడను తీర్మానము సభ్యదేశములకు సిఫారసు మాత్రమే. అది చట్టము కాదు. ఒక దేశము మీద బాధ్యత పడవలెనంటే ఆ దేశము ఒక ఒడంబడికపై సంతకము చేసి దానిని ధ్రువపరచుకొనవలెను.

కొందరు కాపరులకు ఈ మొదటి నియమమే అభ్యంతరము. నమ్మనిదానిని నోటితో పలుకుట అబద్ధము కాదా అని అడుగుదురు. దీనికి చరిత్రలోనే ఒక మంచి ఉదాహరణ ఉన్నది.

1948లో జరిగినది

విశ్వ మానవ హక్కుల ప్రకటనలోని 16వ అధికరణము వివాహమును గూర్చినది. యుక్తవయస్సు వచ్చిన స్త్రీ పురుషులకు జాతి, జాతీయత, మతము అను అడ్డు లేకుండ వివాహము చేసికొని కుటుంబమును స్థాపించుకొను హక్కు కలదనియు, వివాహ కాలమందును దాని రద్దునందును వారికి సమాన హక్కులు కలవనియు, ఉభయుల స్వేచ్ఛాపూర్వకమైన పూర్తి సమ్మతితోనే వివాహము జరుగవలెననియు దాని సారాంశము. 1948 శరత్కాలమున పారిసులో, సర్వసభ్య సభ యొక్క మూడవ కమిటీలో, ఇది తీవ్రమైన చర్చకు గురియైనది.

దీనిని గట్టిగా వ్యతిరేకించినది సౌదీ అరేబియా. పాశ్చాత్య నాగరికత యొక్క వివాహ పద్ధతిని ప్రపంచమంతటికి కొలబద్దగా పెట్టుచున్నారని ఆ దేశపు వాదము. ఆ వాదము వినిపించిన ప్రతినిధి జమీల్ బరూదీ. ఆయన లెబనానులో పుట్టిన క్రైస్తవుడు! ఆ కమిటీ అధ్యక్ష స్థానములో ఉన్నది చార్లెస్ మాలిక్. ఆయనయు లెబనాను క్రైస్తవుడే, తత్వశాస్త్ర ఆచార్యుడు. ఒకే దేశమున పుట్టిన ఇద్దరు క్రైస్తవులలో ఒకరు ముస్లిము రాజ్యము తరపున వ్యతిరేకించుచుండగా మరియొకరు అధ్యక్షత వహించినారు. మన విద్యార్థులు రెండు గంటలు చేయు పనిని బరూదీగారు అనేక సంవత్సరములు వృత్తిగా చేసినారు. ఒకరి వాదమును నమ్మకముగా వినిపించుట సాక్ష్యము చెప్పుట వంటిది కాదు, వకాల్తా వంటిది. ఎదుటివాని మాటను అతనికంటె బాగుగా చెప్పగలిగినవాడే దానికి సరియైన జవాబు చెప్పగలడు.

ముస్లిము దేశములన్నియు ఒకే ప్రక్కన ఉండలేదని కూడ విద్యార్థులు గమనించవలెను. పాకిస్తాను ప్రతినిధి షాయిస్తా ఇక్రాముల్లాగారు ఈ అధికరణమును సమర్థించినారు. బాల్యవివాహములను, సమ్మతి లేని వివాహములను అడ్డుకొనుటయే దీని ఉద్దేశమని ఆమె వివరించినారు. డిసెంబరు 10న ప్రకటనకు అనుకూలముగా 48 ఓట్లు వచ్చినవి, వ్యతిరేకముగా ఒక్కటియు లేదు, 8 దేశములు తటస్థముగా ఉన్నవి. ఆ ఎనిమిదిలో సౌదీ అరేబియాతో పాటు దక్షిణాఫ్రికాయు, సోవియట్ యూనియనుతో కూడ ఆరు కమ్యూనిస్టు రాజ్యములును ఉన్నవి.

వేదాంత విద్యార్థికి అన్నిటికంటె ఆసక్తికరమైనది ముసాయిదా దశలో జరిగినది. కుటుంబము సమాజమునకు సహజమైన, మౌలికమైన విభాగమని మాలిక్ ప్రతిపాదించినారు. దానితో పాటు, కుటుంబమునకు సృష్టికర్త అనుగ్రహించిన హక్కులు కలవనియు, అవి మానవులు చేసిన చట్టములకు ముందటివనియు చేర్చవలెనని కోరినారు. సోవియట్ ప్రతినిధి దీనికి ఒప్పుకొనలేదు. లోకములో అనేక విధములైన వివాహ పద్ధతులు ఉన్నవనియు, దేవుని నమ్మనివారు అనేకులు ఉన్నారనియు, ఈ ప్రకటన వారందరి కొరకనియు వాదించినాడు. ఫలితముగా మొదటి భాగము నిలిచినది, సృష్టికర్త ప్రస్తావన పోయినది. నేటికిని 16వ అధికరణపు మూడవ భాగములో "సహజమైన" అను మాట మిగిలి ఉన్నది. ఎవరి వలన సహజమో చెప్పకుండ ఆ మాట అక్కడ నిలిచియున్నది.

అంతర్జాతీయ వేదికపై దేవుని పేరు తీసివేయబడుట మన హృదయములకు బాధ కలిగించును. అయితే తొందరపడకూడదు. ఆ కాలములోనే సృష్టికర్త పేరు వివాహ చట్టములలో మరియొక విధముగా వాడబడుచుండెను. అప్పుడు అమెరికాలో దాదాపు 30 రాష్ట్రములలో తెల్లవారికిని నల్లవారికిని మధ్య వివాహము నిషిద్ధము. దేవుడు జాతులను వేరువేరు ఖండములలో ఉంచెను గనుక అవి కలియుట ఆయన చిత్తము కాదని వర్జీనియా న్యాయమూర్తి ఒకరు 1965లో తీర్పులోనే వ్రాసినారు. ఆ తీర్పును అమెరికా సుప్రీంకోర్టు 1967లో కొట్టివేసినది. దక్షిణాఫ్రికాలో 1949 నాటి మిశ్రమ వివాహముల నిషేధ చట్టమును కోరినవారిలో అక్కడి డచ్ రిఫార్మ్‌డ్ సంఘము ఉన్నది. సంఘము రాజ్యమును వివాహమునకు హద్దులు గీయుమని అడిగినది, రాజ్యము గీసినది. ఆ చట్టము 1985 వరకు అమలులో ఉన్నది. సృష్టికర్త పేరు శాసనములో ఉండుటచేతనే శాసనము సృష్టికర్త చిత్తము కానేరదు.

షరతులు వేరు, నిర్వచనము వేరు

1948 తరువాత సమితి చేసినదానిని వరుసగా చూచినయెడల ఒక సంగతి తేటపడును. సమితి వివాహమును నిర్వచించుటకు పూనుకొనలేదు. వివాహములో ప్రవేశించుటకు షరతులు మాత్రము విధించినది.

1962లో వివాహ సమ్మతి, కనీస వయస్సు, నమోదు అను మూడు విషయములపై ప్రత్యేక ఒడంబడిక తయారైనది. అందులో వయస్సు ఎంత ఉండవలెనో అంకె కూడ వ్రాయలేదు. దేశములే నిర్ణయించుకొనవలెనని విడిచిపెట్టినారు. 1965లో సర్వసభ్య సభ ఒక సిఫారసులో, అది ఏ పరిస్థితిలోను 15 ఏండ్లకు తక్కువ ఉండరాదన్నది. 1966 నాటి పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక 23వ అధికరణములో స్త్రీ పురుషుల వివాహ హక్కును మరల చెప్పినది. 1979లో స్త్రీల పట్ల వివక్ష నిర్మూలన ఒడంబడిక, బాలల వివాహమునకు చట్టబద్ధత లేదనియు, వివాహములన్నియు నమోదు కావలెననియు చెప్పినది. 2015లో ఆమోదింపబడిన సుస్థిరాభివృద్ధి లక్ష్యములలో బాల్యవివాహములను, బలవంతపు వివాహములను 2030 నాటికి తుదముట్టించుట ఒకటి.

కుటుంబము అను మాటకు నిర్వచనము ఇమ్మని అడిగినప్పుడు మానవ హక్కుల కమిటీ 1990లో చెప్పిన సమాధానము గుర్తుంచుకొనదగినది. కుటుంబ భావన దేశమునకు దేశమునకు, కొన్ని చోట్ల ఒకే దేశములో ప్రాంతమునకు ప్రాంతమునకు మారుచుండును గనుక ఒకే నిర్వచనము ఇచ్చుట సాధ్యము కాదన్నది దాని సారాంశము.

అయితే ఈ గీత మనము అనుకొనునంత స్పష్టమైనది కాదు. సమ్మతి కేవలము షరతేనా? వివాహమనగా రెండు కుటుంబముల మధ్య పెద్దలు కుదుర్చుకొను ఒప్పందమని నమ్మువారికి, వధువు సమ్మతి తప్పనిసరి అనుట షరతు కాదు, వివాహము యొక్క అర్థమునే మార్చుట. బహుభార్యత్వము స్త్రీల గౌరవమునకు విరుద్ధము గనుక దానిని తొలగించవలెనని అదే కమిటీ 2000లో చెప్పినప్పుడు, అది నిర్వచనమునకు చాల దగ్గరగా వచ్చినది. ఈ చిక్కును దాచకుండ విద్యార్థుల ముందు పెట్టవలెను. అసలైన చర్చ ఇక్కడనే మొదలగును.

స్వలింగ వివాహముల ప్రశ్న

నేడు "సమితి వివాహమును నిర్వచించవలెను" అను వాదము ఎక్కువగా ఈ ప్రశ్న నుండియే పుట్టుచున్నది, రెండు వైపుల నుండియు. 2001లో నెదర్లాండ్స్ మొదట స్వలింగ వివాహమును చట్టబద్ధము చేసినది. నేడు అట్టి దేశములు 35కు పైగా ఉన్నవి.

న్యూజిలాండు దేశస్థులు కొందరు తమకు వివాహ అనుమతి నిరాకరింపబడినదని మానవ హక్కుల కమిటీకి ఫిర్యాదు చేసినారు. 2002లో కమిటీ వారికి వ్యతిరేకముగా తీర్పు చెప్పినది. 23వ అధికరణములో "స్త్రీ పురుషులు" అని ఉన్నది గనుక, పురుషుడును స్త్రీయు కలిసి చేసికొనునట్టి వివాహమును గుర్తించుటయే దేశముల బాధ్యత అన్నది. క్రైస్తవులు అనేకులు దీనిని విజయముగా భావించినారు. పదకొండేండ్ల తరువాత, 2013లో, న్యూజిలాండు పార్లమెంటు తానే చట్టము మార్చి స్వలింగ వివాహమును అనుమతించినది. కమిటీ మాట ఆ పార్లమెంటు చేతులు కట్టలేదు. అది కట్టునట్టి మాటయు కాదు.

2014లో మానవ హక్కుల మండలిలో "కుటుంబ పరిరక్షణ" అను తీర్మానము వచ్చినది. కుటుంబమునకు వివిధ రూపములు కలవను మాట చేర్చవలెనని కొన్ని దేశములు సవరణ తెచ్చినవి. దానిపై చర్య వద్దని రష్యా చేసిన ప్రతిపాదన నెగ్గినది. తీర్మానము 26 ఓట్లతో గెలిచినది, 14 వ్యతిరేకము, 6 తటస్థము. భారతదేశము అనుకూలముగా ఓటు వేసినది. స్వదేశములో స్వలింగ వివాహమును చట్టబద్ధము చేసిన దక్షిణాఫ్రికాయు అనుకూలముగానే వేసినది! దేశముల ఓట్లు సిద్ధాంతములను మాత్రమే అనుసరింపవు. మైత్రులను, ప్రాంతీయ లెక్కలను కూడ అనుసరించును. క్రైస్తవ సిద్ధాంతము ఇట్టి ఓట్ల లెక్కపై నిలువవలెనని కోరువారు ఈ ఒక్క సంగతిని ఆలోచించవలెను.

ఏ దేశమునకు ఏ ఇబ్బంది

తరగతిలో దేశములను ఎంపిక చేయునప్పుడు, "అవును", "కాదు" అని సులభముగా చెప్పలేని దేశములను తీసికొనుట మేలు.

దక్షిణాఫ్రికా అట్టిది. 1998 నాటి చట్టము ప్రకారము అక్కడ ఆచార వివాహములలో బహుభార్యత్వమునకు గుర్తింపు కలదు. 2006 నాటి చట్టము స్వలింగ జంటలకు అనుమతి ఇచ్చినది. ఏ నిర్వచనము తెచ్చినను ఈ దేశపు చట్టములలో ఏదో ఒకటి పగులును. లెబనానులో వివాహము మత శాఖల చేతిలో ఉన్నది. దేశములో పౌర వివాహము జరుపు పద్ధతి లేనందున అనేకులు సైప్రసుకు పోయి పెండ్లి చేసికొని వత్తురు. అంతర్జాతీయ నిర్వచనమును ఒప్పుకొన్నచో ముందుగా ఆక్షేపించునది అక్కడి సంఘములే. హోలీ సీ, అనగా రోము పోపుగారి పీఠము, 1964 నుండి శాశ్వత పరిశీలక హోదాలో ఉన్నది. మాటలాడవచ్చును గాని ఓటు లేదు. వివాహమును గూర్చి అందరికంటె స్పష్టమైన నిర్వచనము గలవానికి ఓటు లేకపోవుట విద్యార్థులను నవ్వించును, తరువాత ఆలోచింపజేయును.

భారతదేశపు పలక ముందు కూర్చుండు విద్యార్థికి ఎక్కువ పని ఉన్నది. 1993లో స్త్రీల ఒడంబడికను ధ్రువపరచుచు మన ప్రభుత్వము రెండు ప్రకటనలు జోడించినది. ఒకటి: ఏ మతవర్గపు వ్యక్తిగత విషయములలోను ఆ వర్గము చొరవ, సమ్మతి లేకుండ జోక్యము చేసికొనము. రెండు: వివాహ నమోదు సూత్రమునకు ఒప్పుకొందుము గాని, ఇన్ని ఆచారములు, మతములు, అక్షరాస్యతా స్థాయులు గల విశాల దేశములో నిర్బంధ నమోదు ఆచరణ సాధ్యము కాదు. ఆ రెండవ మాట ఎక్కువ కాలము నిలువలేదు. ఆంధ్రప్రదేశ్ 2002లోనే నిర్బంధ వివాహ నమోదు చట్టము చేసినది. 2006లో సుప్రీంకోర్టు, ఏ మతస్థుల వివాహమైనను నమోదు కావలెనని రాష్ట్రములను ఆదేశించినది. అంతర్జాతీయ ఒడంబడిక మనలను బలవంతము చేయలేదు; మన న్యాయస్థానము తానుగా అటు నడిచినది. ఇక స్వలింగ వివాహ విషయములో 2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, ఇది పార్లమెంటు తేల్చవలసిన సంగతి అని చెప్పినది.

సంఘమే ఒకప్పుడు అంతర్జాతీయ సంస్థ

ఈ చర్చలో మన విద్యార్థులు మరచునది ఇదే. వివాహమును రాజ్యముల సరిహద్దులు దాటి నిర్వచించిన మొదటి సంస్థ ఐక్యరాజ్య సమితి కాదు, పాశ్చాత్య సంఘము. కొన్ని శతాబ్దములు ఐరోపాలో ఎవరిది వివాహము, ఎవరిది కాదు అని తేల్చినవి సంఘపు న్యాయస్థానములే. కనుక ఈ పని ఎంత కష్టమో మనకు అనుభవము ఉన్నది.

866లో పోపు మొదటి నికొలసు బల్గేరియా వారి ప్రశ్నలకు జవాబిచ్చుచు, మిగిలిన ఆచారములు లేకపోయినను ఉభయుల సమ్మతి చాలుననియు, సమ్మతి లేనియెడల మిగిలినవన్నియు ఉన్నను ప్రయోజనము లేదనియు చెప్పినాడు. ఇది గొప్ప మాట; ఆడపిల్లకు రక్షణ. కాని దాని వలననే రహస్య వివాహములు పెరిగినవి. సాక్షులు లేకుండ మాట ఇచ్చి, తరువాత పురుషుడు కాదనిన యెడల స్త్రీకి దిక్కు లేదు. దీనిని సరిచేయుటకు 1563లో ట్రెంటు సభ, స్థానిక గురువును, కనీసము ఇద్దరు సాక్షులును లేని వివాహము చెల్లదని శాసించినది. అయితే ఆ శాసనము ప్రకటింపబడిన ప్రాంతములలోనే వర్తించినది. అందువలన ఒకే సంఘములో ఒక ఊరిలో చెల్లిన వివాహము పొరుగు రాజ్యములో చెల్లని స్థితి మూడు శతాబ్దములకు పైగా సాగినది.

లూథరు ఈ భారమును సంఘము మీద నుండి దింపినాడు. 1529లో కాపరుల కొరకు వ్రాసిన వివాహ క్రమములో, పెండ్లి లౌకిక వ్యవహారమనియు, దాని ఏర్పాట్లు ప్రభుత్వమునకు, ఆయా ఊళ్ల ఆచారములకు విడిచిపెట్టవలెననియు, అడిగినచో కాపరి ప్రార్థించి దీవించవలెననియు చెప్పినాడు. గుంటూరు, రాజమండ్రి ప్రాంతముల మన లూథరన్ సంఘములు ఈ వారసత్వము గలవే. అయినను మనలో ఎంతమంది దీనిని బోధించుచున్నాము?

ప్రొటెస్టెంటు సంఘములకును ఇట్టి కష్టమే వచ్చినది. బహుభార్యలు గల పురుషులకు బాప్తిస్మము ఇయ్యరాదని 1888లో లాంబెత్ సభ తీర్మానించినది. ఆఫ్రికా సంఘములు ఆ భారమును నూరేండ్లు మోసినవి. బాప్తిస్మము కొరకు భార్యలను పంపివేసినచో ఆ స్త్రీలు, వారి పిల్లలు ఏమగుదురు? 1988లో అదే సభ తన మాటను సడలించినది. ఇక మీదట ఎవరిని పెండ్లాడనని మాట ఇచ్చి, స్థానిక సంఘము ఒప్పుకొన్నచో, విశ్వసించిన భార్యలతోను పిల్లలతోను అతనిని చేర్చుకొనవచ్చునన్నది. భార్యలను విడిచిపెట్టుమని బలవంతము చేయరాదన్నది. ఒక భర్త, ఒక భార్య అను బోధను సభ మార్చలేదు. ఆ బోధను ఒక వ్యక్తి జీవితములో ఎట్లు అమలు చేయవలెనో దానిని మార్చినది. లండనులో చేసిన నిర్వచనము తీర్మానమునకు చాలినది గాని, ఇంటిలో నిలిచియున్న రెండవ భార్య ప్రశ్నకు చాలలేదు.

లేఖనము చూపు రెండు తలములు

మత్తయి 19లో పరిసయ్యులు ప్రభువును అడిగినది చట్టపు ప్రశ్న. ఆయన వారిని ఆదికి తీసికొనిపోయినాడు. దేవుడు జతపరచినదానిని మనుష్యుడు వేరుపరచరాదన్నాడు. అప్పుడు వారు ద్వితీయోపదేశకాండము 24లోని పరిత్యాగ పత్రికను ఎత్తి చూపినారు. ప్రభువు మోషే పొరపడెనని చెప్పలేదు. మీ హృదయ కాఠిన్యమును బట్టి ఆ అనుమతి వచ్చినది, ఆది నుండి ఆలాగు లేదు అన్నాడు. అనగా ఒకే లేఖనములో రెండు తలములు ఉన్నవి: సృష్టికర్త సంకల్పము ఒకటి, పతనమైన లోకములో జరుగు కీడును తగ్గించు శాసనము మరియొకటి.

ఆ పరిత్యాగ పత్రిక ఏమిటి? ఒక దస్తావేజు. భర్త నోటిమాటతో భార్యను వెళ్లగొట్టకుండ, ఆమె స్వతంత్రురాలని ఋజువు చూపించు కాగితము. నేటి భాషలో నమోదు. వయస్సు, సమ్మతి, నమోదు అని సమితి చెప్పునదంతయు ద్వితీయోపదేశకాండము 24 తలములోనిదే అని నా అభిప్రాయము. ఆ తలములో దానిని మనము కృతజ్ఞతతో అంగీకరింపవచ్చును. దానిని ఆదికాండము 2 తలమునకు ఎక్కించి, వివాహము యొక్క మర్మమును చెప్పుమని అడుగుట తగదు. ఎఫెసీ 5:32లో పౌలు మర్మమని చెప్పినది క్రీస్తును సంఘమును గూర్చి. ఆ మర్మమును 193 దేశముల ఓటుకు పెట్టలేము.

మన పక్షమున సంఖ్యాబలము ఉన్నప్పుడు నిర్వచనము కోరుట సులభము. కాని ఈనాడు మన కొరకు నిర్వచించుటకు సమితికి అధికారము ఒప్పుకొన్నవారు, రేపు అదే సమితి మరియొక విధముగా నిర్వచించినప్పుడు దానికి అధికారము లేదని ఎట్లు చెప్పగలరు?

ఇంకొక కష్టమైన చోటు ఉన్నది. 16వ అధికరణము మతము అడ్డు కారాదనుచున్నది. 1 కొరింథీయులకు 7:39 ప్రభువునందు మాత్రమే అనుచున్నది. ఇవి ఢీకొనునట్లు కనబడును. కాని మొదటిది రాజ్యమునకు చెప్పబడినది, రెండవది విశ్వాసికి. మతాంతర జంటకు రాజ్యము 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టము ద్వారా దారి ఇచ్చినది. మనము ఆ వివాహమును మందిరములో జరుపలేమని చెప్పవచ్చును. రాజ్యము వారిని ఆపవలెనని కోరనక్కరలేదు.

కాపరి చేతిలోని రిజిస్టరు

ఇంతవరకు చెప్పినది దూరదేశపు చర్చగా తోచవచ్చును. కాని 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టము క్రింద వివాహము జరుపు కాపరి రెండు తలములలోను ఒకేసారి నిలువబడుచున్నాడు. దీవెన ఇచ్చునప్పుడు సంఘ సేవకుడు. రిజిస్టరు తెరచినప్పుడు రాజ్యము తరపు వ్యక్తి. అధికారము లేనివాడు ఆ చట్టము క్రింద వివాహము జరిపినచో పదేండ్ల వరకు జైలుశిక్ష పడవచ్చును. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టపు 10వ సెక్షను ప్రకారము, బాల్యవివాహమును జరిపించినవానికి రెండేండ్ల వరకు కఠిన కారాగారము, లక్ష రూపాయల వరకు జరిమానా. బాల్యవివాహము కాదని నమ్ముటకు తగిన కారణము ఉండెనని ఋజువు చేయవలసినది జరిపించినవాడే. ఆధార పత్రములు చూడకుండ, తండ్రి మాట మీద వయస్సు వ్రాసికొను అలవాటు ఇంకను ఉన్నచోట్ల ఈ సెక్షనును బోర్డు మీద వ్రాసి పెట్టవలెను.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 20-24 ఏండ్ల స్త్రీలలో 18 నిండకముందే పెండ్లియైనవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతము, తెలంగాణలో 23.5 శాతము, దేశ సగటు 23.3. ఇవి అన్ని మతముల వారిని కలిపిన అంకెలు. మన సంఘములు వీటికి వెలుపల ఉన్నవని చెప్పుటకు నాకు ధైర్యము లేదు.

సమ్మతి సంగతియు అంతే. రిబ్కాను పంపుటకు ఆమె అన్నయు తల్లియు ఒప్పుకొన్న తరువాత కూడ, పిల్లను పిలిచి ఆమె ఏమనునో అడుగుదమని ఆదికాండము 24:57లో ఉన్నది. మన క్రమములో వధువును అడుగు ప్రశ్న ఉన్నది గాని, అందరి యెదుట, మేళము ఆగిన క్షణములో, ఆమె "కాదు" అనగలదా? ఆ ప్రశ్నను పెండ్లికి రెండు వారముల ముందు, తల్లిదండ్రులు లేనప్పుడు, కాపరి భార్యయో సంఘములోని పెద్దామెయో అడుగవలెను.

16వ అధికరణము జాతి, జాతీయత, మతము అని చెప్పి ఊరకున్నది. కులము పేరు ఎత్తలేదు. జాతి వివక్ష నిర్మూలన కమిటీ 2002లో, పుట్టుకను బట్టిన వివక్షలో కులమును చేర్చి, ఆ ఒడంబడిక పరిధిలోనికి తెచ్చినది. మన ప్రభుత్వము ఆ వ్యాఖ్యానమును అంగీకరించలేదు. ప్రభుత్వము సంగతి అట్లుండగా, సంఘములో సంబంధములు చూచునప్పుడు మొదట అడుగబడు ప్రశ్న ఏదో పాఠకులకు తెలియును. ఏ అంతర్జాతీయ సంస్థయు వ్రాయని నిర్వచనము ఒకటి మన మధ్య అమలులో ఉన్నది. దానిని తీర్మానము చేసినవారు లేరు, దానిపై సవరణ తెచ్చువారును కొద్దిమందే.

తరగతిలో నడుపు విధము

పన్నెండు మంది విద్యార్థులున్న తరగతికి రెండు పీరియడ్లు చాలును. సౌదీ అరేబియా, పాకిస్తాను, నెదర్లాండ్స్, న్యూజిలాండు, దక్షిణాఫ్రికా, లెబనాను, రష్యా, ఫిలిప్పీన్స్, భారతదేశము, హోలీ సీ అను పది స్థానములు ఇచ్చి, మిగిలిన ఇద్దరిలో ఒకరిని అధ్యక్షునిగా, ఒకరిని కార్యదర్శిగా నియమించవలెను. వారము ముందు దేశములు చీట్లు వేసి పంచవలెను. ఎవరికి ఇష్టమైన దేశము వారికి ఇచ్చినచో అభ్యాసము చెడును. "ఐక్యరాజ్య సమితి వివాహమును నిర్వచించవలెను" అను ఒక్క వాక్యమును ముసాయిదాగా పెట్టవలెను. సవరణల వలన అది ఏమగునో చూడవలెను. "నిర్వచించవలెను" అను మాట పోయి వయస్సు, సమ్మతి, నమోదు అను మాటలు వచ్చుటకు అవకాశము ఎక్కువ. అట్లు వచ్చినయెడల, ఏ దేశము వలన ఆ మార్పు జరిగినదో కార్యదర్శి నల్లబల్ల మీద వ్రాయవలెను.

ఓటు ముగిసిన తరువాత దేశముల పలకలు తీసివేసి, ఖాళీ వివాహ రిజిస్టరు ఫారము ఒక్కొక్కటి ప్రతి విద్యార్థికి ఇచ్చి, అందులోని ఏ గడి సమితి చెప్పిన షరతునకు సంబంధించినదో, ఏ గడికి సంఘము మాత్రమే జవాబు చెప్పగలదో గుర్తు పెట్టుమనవలెను. దీనికి పదిహేను నిమిషములు మిగుల్చుకొనుట అవసరము.